మలేరియా పనికి నిధులు అడిగే ముందు, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఊళ్లో తిరిగి రండి

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలిమెల వైపు నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్లది మిషన్ శక్తి సంఘాల, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘాల సమాఖ్య. తెలుగు, కోయ, ఒడియా మాట్లాడే ఆడవాళ్లున్నారు, పద్దెనిమిది ఊళ్లున్నాయి. ఏటా వానలు పడగానే చలిజ్వరాలు. "మలేరియా మీద అవగాహన కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. డబ్బు ఎవరిస్తారు? ప్రపోజల్లో ఏం రాయాలి? దోమతెరలు సంఘం ద్వారా తక్కువ ధరకు అమ్మితే జనానికి వాటి విలువ తెలుస్తుందా?" అని అడిగారు.

అమ్మా, మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అక్కడ అడుగు తప్పితే మిగతా రెండూ తప్పుతాయి. దోమతెరలు అమ్మొద్దు. ఊరికే వస్తే విలువ ఉండదన్న మాట నేనూ ఎన్నో మీటింగుల్లో విన్నాను, కొన్నాళ్లు నమ్మాను కూడా. కెన్యాలో గర్భిణుల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఉచితంగా ఇచ్చినచోట దాదాపు అందరూ తీసుకున్నారు. డాలరులో అరవై సెంట్లు ధర పెట్టేసరికి తీసుకునేవాళ్లు నూటికి అరవై మంది చొప్పున తగ్గిపోయారు. కొన్నవాళ్లు శ్రద్ధగా వాడారా అంటే, ఊరికే తీసుకున్నవాళ్ల కంటే ఎక్కువేమీ వాడలేదు. మన ఒడిశాలోనే ఒక చిన్న రుణాల సంస్థ ద్వారా తెరలు అప్పుమీద అమ్మి చూశారు. ఇళ్లలో 52 శాతం కొన్నాయి. అంటే జనానికి తెర అక్కరలేక కాదు, చేతిలో ఒక్కసారిగా డబ్బు లేక కొనడం లేదని తేలింది. కానీ జ్వరాలు తగ్గాయా అంటే గట్టి జవాబు దొరకలేదు. పైగా 2017లో మన రాష్ట్రంలో కోటికి పైగా మందు తెరలు, అంటే దోమల మందు పట్టించిన తెరలు, ఉచితంగా పంచారు. సర్కారు ఊరికే ఇచ్చేదాన్ని మీ సంఘం అమ్మితే ఊళ్లో మీ మాట పోతుంది. మీకున్న పెట్టుబడంతా ఆ మాటే.

ఇక "అవగాహన" గురించి. ఈ మాటను మీ ప్రపోజల్లోంచి తీసేయమంటాను. కొంధు, కోయ ఆదివాసీల ఊళ్లలో దోమ కుడితే చలిజ్వరం వస్తుందని తెలియని ఇల్లు నాకు ఈ ఇరవై ఏళ్లలో దాదాపు కనపడలేదు. మన తాతల కాలంలోనే మన్యపు జ్వరం అంటే కింది మైదానాలవాళ్లు కొండెక్కడానికి భయపడేవారు. తెలియక ఆగిపోయిన పనులు తక్కువ, తెలిసి కూడా కుదరక ఆగిపోయినవే ఎక్కువ. ఆ కుదరకపోవడం ఎక్కడుందో పట్టుకుంటే డబ్బు ఎవరిని అడగాలో, ఎంత అడగాలో దానంతట అదే తెలుస్తుంది.

నేను దాన్ని ఎలా పట్టుకున్నానో చెబుతాను. 2018లో, రాయగడ జిల్లా బిస్సమ్‌కటక్ అవతల ఒక కొంధు ఊరు. తెరలు పంచి ఏడాదయింది. మా రిజిస్టర్లో నూటికి నూరు ఇళ్లకూ తెరలు అందినట్టు సంతకాలున్నాయి. పగలు వెళ్లి అడిగితే అందరూ "కట్టుకుంటున్నాం బాబూ" అనేవారు. ఒకసారి చివరి బస్సు తప్పిపోయి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తొమ్మిదిన్నరకు ఆశా దీదీ టార్చి పట్టుకుంటే ఇద్దరం ఊరంతా తిరిగాం. మొదటి ఇంట్లో మూడు తెరలు. ఒకటి లోపలి గదిలో కట్టి ఉంది, కింద ఇంటాయన పడుకున్నాడు. రెండోది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ట్రంకుపెట్టెలో ఉంది, చుట్టాలు వస్తే తీద్దామని. మూడోది ధాన్యం గుమ్మి మీద కప్పి ఉంది. వసారాలో నిప్పు పక్కన చాప మీద తాత, ఇద్దరు మనవలు. తెర ఎందుకు కట్టలేదు తాతా అని దీదీ వాళ్ల కువి భాషలో అడిగింది. ఆయన మాట్లాడకుండా చెయ్యి పైకెత్తి చూపించాడు. వాసం ఆయన చేతికి రెండు మూరల పైనుంది. తెర మూలల్లో ఉన్న ఉంగరాలకు తాడు లేదు. గోడకు మేకు లేదు. ఎండాకాలమంతా, వానలు మొదలైన మొదటి నెలా ఆ ఇంట్లో అందరూ పడుకునేది ఆ వసారాలోనే.

అలా ఊరంతా చూశాం. సగానికి పైగా ఇళ్లలో కారణం అదే. తాడు, మేకు, వెదురు కర్ర. ఏడాదిపాటు మేం ఆ ఊళ్లో వీధి నాటకాలు వేయించాం, గోడల మీద రాతలు రాయించాం, ర్యాలీ తీయించాం. ఆ ఖర్చులో పదో వంతుకు ప్రతి మంచానికీ నాలుగు వెదురు కర్రలూ నైలాన్ తాడూ వచ్చేవి. తర్వాత సంఘం ఆడవాళ్లే వెదురు కొట్టి తెచ్చారు, మేం తాడు కొన్నాం. రెండు ఆదివారాలు ఇంటింటికీ వెళ్లి, ఇంటివాళ్ల చేతనే కట్టించారు. ఆ రాత్రి నుంచి నా పనితీరే మారిపోయింది. తెరలెన్ని పంచామో లెక్కపెట్టడం మానేసి, తెర కింద ఎంతమంది పడుకున్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ప్రపోజల్ రాయకముందే మీరూ ఈ పని చేయండి. ముప్పై ఇళ్లు చాలు. ఊరి పెద్దకు పగలే చెప్పి, ఆశానూ ఆ ఊరి ఆడవాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లండి. మీ వెంట వచ్చే మగవాళ్లు ఇళ్లలోకి రాకుండా బయటే ఉండాలి. రాత్రి కుదరని ఇంటికి తెల్లవారగానే వెళ్లి "నిన్న రాత్రి ఈ తెర కింద ఎవరెవరు పడుకున్నారు?" అని ఒక్కో తెర దగ్గరా పేరు పేరునా అడగండి. "తెర వాడతారా?" అని మాత్రం అడగొద్దు, దానికి అందరూ అవుననే అంటారు. పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, ఆరుబయట పడుకునేవాళ్లు ఎంతమందో విడివిడిగా రాసుకోండి. ఈ ఒక్క కాగితం మీ ప్రపోజల్లో ఉంటే చదివేవాడు కుర్చీలో ముందుకు జరుగుతాడు. డబ్బిచ్చేవాళ్ల బల్ల మీదకు వచ్చే కాగితాల్లో చాలావాటిలో జిల్లా లెక్కలు తప్ప ఊరి లెక్క ఉండదు.

తెర వాడనివాళ్లు చెప్పే కారణాలను కొట్టిపారేయకండి. కొత్త తెరతో ఒళ్లు దురద పెడుతుందంటారు, అది నిజమే. కట్టే ముందు ఒక రోజు నీడలో ఆరేస్తే పోతుంది. ఉక్కపోస్తుందంటారు, అదీ నిజమే. మాసిపోయిందని వాగులో సబ్బేసి బాది ఎండలో ఆరేస్తారు. ఈ తెరల మందు సుమారు ఇరవై ఉతుకుల వరకు, మూడేళ్ల వరకు నిలవాలి. ఎండకూ బాదుడుకూ అంతకంటే ముందే పోతుంది, వాగులో కలిస్తే చేపలు చస్తాయి. ఇంట్లో బకెట్లో ముంచి నీడలో ఆరేయమని చెప్పడం కాదు, ఒకసారి చేసి చూపించాలి.

ఇంకో తప్పు చాలా సంస్థలు చేస్తున్నాయి, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పట్నంలో డెంగీ కోసం వేసిన పోస్టర్లు తెచ్చి కొండ ఊళ్లలో అంటిస్తారు. కూలర్లో నీళ్లు పారబోయండి, పాత టైర్లు తీసేయండి, కొబ్బరి చిప్పలు బోర్లించండి అని ఉంటుంది. డెంగీ దోమ వేరు. అది పగలు కుడుతుంది, ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. మన కొండల్లో మలేరియా తెచ్చే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. అది సన్నగా పారే వాగుల అంచున, గడ్డి నీడలో గుడ్లు పెడుతుంది, రాత్రిపూట మనిషినే వెతుక్కుని కుడుతుంది. కింది మైదానం ఊళ్లలో క్యూలిసిఫేసిస్ అనే ఇంకో అనాఫిలిస్ దోమ ఎక్కువ, అది పశువుల పాకల్లో దాగుతుంది. కొండవాగు పక్కన కాపురమున్న మనిషికి టైర్ల గురించి చెబితే, ఆ చెప్పేవాళ్ల మిగతా మాటలు కూడా వినడు. వినకపోవడం అతని తప్పు కాదు.

మందు పిచికారీ సంగతి కూడా ఇలాంటిదే. గోడ మీద కొట్టిన మందు నెలల తరబడి ఉండాలి, గోడ మీద వాలిన దోమ చావాలి. కానీ రెండో విడత పిచికారీ వచ్చే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొత్తల పండుగ వస్తుంది. పండుగకు ఇల్లు అలకకుండా ఏ ఆడకూతురూ ఉండదు. ఒక ఊళ్లో పిచికారీ జరిగిన మూడో రోజుకు నేను వెళ్లేసరికి గోడలన్నీ ఎర్రమట్టితో మెరుస్తున్నాయి, మందంతా మట్టి కింద పడిపోయింది. "అలకొద్దు" అని చెబితే అది పండుగను అవమానించినట్టు అవుతుంది. మేం చేసింది ఒకటే. బ్లాకులో ఎంటీఎస్ (మలేరియా పని చూసే సూపర్‌వైజర్) దగ్గరకు ఊరి పెద్దల్ని తీసుకెళ్లి, ఏ ఊరు ఏ రోజు అలుకుతుందో రాసిచ్చి, అలికి ఆరిన తర్వాతే పిచికారీ బృందం వచ్చేలా తేదీలు మార్పించాం. దీనికి పైసా ఖర్చు కాలేదు. జనం అలవాటు మార్చడం అంటే కొన్నిసార్లు సర్కారు తేదీ మార్పించడం కూడా.

మూడో అలవాటు మందు పూర్తిగా మింగడం. వైవాక్స్ అనే రకం మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. మూడో రోజుకు జ్వరం దిగిపోతుంది, నాలుగో రోజు మనిషి పోడుకు వెళ్లిపోతాడు, మిగిలిన గోలీలు చూరులో ఉండిపోతాయి. కాలేయంలో దాగిన పురుగు రెండు మూడు నెలలకు మళ్లీ లేస్తుంది. రోజూ సాయంత్రం ఎదురుగా నిలబడి మింగించే మనిషి మీ సంఘంలోనే ఉంది, దీనికోసం కొత్తగా ఎవరినీ పెట్టుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా నేర్పండి. మన ఆదివాసీ ఊళ్లలో కొందరికి రక్తంలో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉంటుంది, వాళ్లకు ప్రైమాక్విన్ పడదు. మూత్రం ముదురు రంగులోకి మారితే ఆ పూటే మందు ఆపి ఆసుపత్రికి పంపాలి. గర్భిణులకూ పసిబిడ్డలకూ ఆ మందు ఇవ్వకూడదు.

ఇప్పుడు డబ్బు.

ఇంటర్నెట్‌లో వెతికితే మొదట పెద్ద పేర్లే కనిపిస్తాయి. అమెరికా అధ్యక్షుడి మలేరియా కార్యక్రమం 2005లో మొదలైంది. అది ఆఫ్రికాకూ మెకాంగ్ నది దేశాలకూ, మనకు కాదు. 2002లో పుట్టిన గ్లోబల్ ఫండ్ మన దేశానికి డబ్బిచ్చింది కానీ అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం ద్వారా, ఈశాన్య రాష్ట్రాల్లో కారితాస్ ఇండియా లాంటి పెద్ద సంస్థల ద్వారా నడిచింది. మీరు నేరుగా వాళ్లకు దరఖాస్తు పెట్టే దారి లేదు. ఏదైనా పెద్ద సంస్థ విదేశీ డబ్బులో కొంత మీకు ఇద్దామనుకున్నా, 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. మీరే ఆ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్ల అనుభవం ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు పనిమీద ఖర్చుపెట్టి ఉండాలి. కాబట్టి ఈ వైపు ఇప్పుడు సమయం పెట్టొద్దు. ఇంగ్లీషు బాగా వచ్చిన ఎవరో కుర్రాడు మీకు విదేశీ ప్రపోజల్ రాసిపెడతానని అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

మొదటి డబ్బు మీ ఊళ్లోనే ఉంది. ప్రతి రెవెన్యూ గ్రామంలో గావ్ కల్యాణ సమితి ఉంటుంది, దానికి జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి ఏటా పదివేల వరకు వస్తుంది. వాడకపోతే ఆ మేరకు తర్వాతి ఏడాది తగ్గుతుంది. చాలాచోట్ల ఆ డబ్బు బ్లీచింగ్ పౌడరుకూ బల్లలకూ పోతోంది. తాడు, మేకులు, వెదురు, రాత్రి తిరగడానికి టార్చీలు వాడుకోవడానికి ఇదే సరైన చోటు. ఆ సమితిలో మీ సంఘం ఆడవాళ్లుంటారు, ఆశా ఉంటుంది. తీర్మానం రాస్తే చాలు. ఒక ఏడాది నాలుగు ఊళ్లలో ఈ పదివేలతోనే పని చేసి చూపించండి. రెండో ఏడాది పెద్ద డబ్బు అడగడానికి అదే మీ అర్హత పత్రం.

రెండోది కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. ఆ జాబితాలో మొదటి వరసలోనే నివారణ ఆరోగ్యం ఉంది. మీ సమాఖ్య ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు తెచ్చుకుని, ఈ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తీసుకోవాలి, 2021 ఏప్రిల్ నుంచి అది లేకుండా ఇవ్వరు. మల్కన్‌గిరిలో పెద్ద కర్మాగారాలు లేవని నిరాశపడొద్దు. అది కేంద్రం 2018లో గుర్తించిన ఆకాంక్షిత (వెనుకబడిన) జిల్లాల జాబితాలో ఉంది, మన రాయగడ, కోరాపుట్, మహారాష్ట్రలోని గడ్చిరోలి కూడా ఉన్నాయి. ప్రభుత్వరంగ సంస్థలు అలాంటి జిల్లాలకు మొగ్గుతాయి. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు నుంచి ఈ జవాబు చదివే తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

గనులున్న జిల్లాలవాళ్లకు, అంటే కోరాపుట్, రాయగడ, గడ్చిరోలి వాళ్లకు, జిల్లా మినరల్ ఫౌండేషన్, అంటే గనులవాళ్లు కట్టే డబ్బుతో నడిచే జిల్లా నిధి ఉంది. అందులో కనీసం 60 శాతం ఆరోగ్యం, తాగునీరు లాంటి వాటికే పోవాలని 2015 నాటి నియమం, తర్వాత దాన్ని 70కి పెంచారు. జిల్లా యంత్రాంగం ద్వారా నడుస్తుంది. గ్రామసభ తీర్మానం వెంట ఉంటే బలం.

మలేరియా కోసమే డబ్బు పెట్టిన కంపెనీలూ ఉన్నాయి. గోద్రెజ్ కన్స్యూమర్ ప్రొడక్ట్స్ 'ఎంబెడ్' పేరుతో మధ్యప్రదేశ్‌లో మొదలుపెట్టిన కార్యక్రమం పూర్తిగా ఇంటింటి అలవాట్ల మీదే. అదే రాష్ట్రంలో మండ్లా జిల్లాలో 1,233 ఊళ్లలో సన్ ఫార్మా డబ్బుతో నడిచే ఫౌండేషన్, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పనిచేశాయి. మండ్లాలో నాకు నచ్చిందేమిటంటే, డబ్బులో పెద్ద వాటా ఇళ్లకు వెళ్లే కార్యకర్తలకూ, వాళ్లు నిజంగా వెళ్లారో లేదో చూసే సూపర్‌వైజర్లకూ పోయింది. మీ బడ్జెట్లో కూడా వందలో అరవై ఊళ్లో తిరిగే ఆడవాళ్ల చేతికి వెళ్లాలి. ముద్రణకు ఐదు దాటనివ్వకండి. ఆశాకు ఒక రక్తపరీక్షకు జాతీయ లెక్కన వచ్చేది 15 రూపాయలు, కొండ మీద ఒక ఇంటికి పోయి రావడానికి ఒక పూట పడుతుంది. ఆమె చేత ఉచితంగా ఇంకో పని చేయిస్తామని రాసిన ప్రపోజల్ నా దగ్గరకు వస్తే నేను తిప్పి పంపుతాను.

కాగితం మీద ఏం రాయాలంటే, ఒక్క అలవాటు, ఎవరిది, ఎప్పుడు, ఎంతవరకు. ఇలా రాయండి: "జూన్ నుంచి డిసెంబరు వరకు, 18 ఊళ్లలో, ఐదేళ్లలోపు పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకు చూస్తే, ఆ పిల్లల్లోనూ గర్భిణుల్లోనూ పదిమందికి ఎనిమిది మంది తెర కింద ఉంటారు. ఇప్పుడు ఇంతమంది ఉన్నారు." ఆ "ఇంతమంది" దగ్గర మీ ముప్పై ఇళ్ల లెక్క పెట్టండి.

రాయకూడనిది కూడా ఒకటుంది, దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. "మలేరియా కేసులు సగానికి తగ్గిస్తాం" అని రాయకండి. ఇచ్చేవాళ్లు అడిగినా ఒప్పుకోకండి. బాగా పనిచేసే ప్రాజెక్టులో మొదటి ఏడాది కేసులు పెరుగుతాయి, ఎందుకంటే ఎక్కువమందికి పరీక్ష చేస్తారు. మేం ఒకసారి అలా రాసిచ్చి ఒప్పుకున్నాం. రెండో ఏడాది వానాకాలంలో మా కార్యకర్తలు జ్వరం వచ్చిన పిల్లలకు పరీక్ష చేయడం తగ్గించేశారు, లెక్క బాగుండాలని. ఎవరూ చెప్పలేదు, వాళ్లే అర్థం చేసుకున్నారు. ఒక బిడ్డను ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. బతికింది. ఆ తర్వాత నేను ఏ కాగితం మీదా అలాంటి మాటకు సంతకం పెట్టలేదు.

కేసుల లెక్క చూడాలంటే రాష్ట్రం మొత్తంగా చూడాలి. ఒడిశాలో 2016లో సుమారు నాలుగున్నర లక్షల కేసులు, 2019కి నలభైవేల లోపుకు వచ్చాయి. 'దమన్' పేరుతో 2017 నుంచి దారీతెన్నూ లేని ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి మందివ్వడం, తెరలు, పిచికారీ కలిసి ఆ పని చేశాయి. ఈమధ్య మళ్లీ పెరుగుతున్నాయి. మీ ప్రాజెక్టును దమన్ శిబిరం తేదీలకు ముడిపెట్టండి. శిబిరం రోజున "నాకు జ్వరం లేదు, రక్తం ఎందుకివ్వాలి" అని పొలానికి వెళ్లిపోయేవాళ్లే అక్కడి అసలు చిక్కు. వాళ్లను ముందురోజు రాత్రి ఇంటికెళ్లి పిలవగలిగేది పొరుగింటి ఆడమనిషే. జిల్లా వీబీడీ (దోమల వంటి వాటితో వచ్చే జబ్బుల) కన్సల్టెంట్‌ను కలిసి ఈ మాట చెప్పండి, మీకు సిఫారసు ఉత్తరం రావడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

సమయం గురించి ఒక మాట. కంపెనీ బోర్డులు మార్చి, ఏప్రిల్ మధ్య నిర్ణయాలు తీసుకుంటాయి. మీరు ఏప్రిల్‌లో అడిగితే డబ్బు చేతికొచ్చేసరికి వానలు సగం అయిపోతాయి. నవంబరులో అడగండి, రాత్రి లెక్క అక్టోబరులో తీయండి.

చివరగా, మీ ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఒకటి, దీన్ని రాస్తే మీ ప్రపోజల్ మిగతావాటిలా ఉండదు. సంక్రాంతి దాటగానే మీ ఊళ్ల నుంచి మేస్త్రీ వెంట ఖమ్మం, భద్రాచలం వైపు మిరపకోతకు వెళ్తారు కదా. చేలగట్ల మీద టార్పాలిన్ కింద పడుకుంటారు. ఇంట్లో ఉన్న తెరను తీసుకెళ్తే ఇంటి దగ్గర ఉన్న ముసలమ్మకూ పిల్లలకూ ఉండదు, అందుకే తీసుకెళ్లరు. సర్కారు లెక్కలో తెర ఇంటికి వస్తుంది, కూలికెళ్లే మనిషికి రాదు. వెళ్లేవాళ్ల పేర్లు మేస్త్రీ పుస్తకంలో ఉంటాయి, అడ్వాన్సు ఇచ్చినప్పుడే రాసుకుంటాడు. ఆ పుస్తకం చూసి జట్టుకు ఇన్ని తెరలని ఇవ్వడం, తిరిగొచ్చిన వారంలోగా ఆశా దగ్గర అందరికీ రక్తపరీక్ష చేయించడం, ఈ రెండే రాయండి. మీ సంఘంలో కనీసం పదిమంది ఆ కోతకు వెళ్లొచ్చినవాళ్లే ఉంటారు. ఏ రోజు లారీ ఎక్కుతారో, ఏ రోజు దిగుతారో వాళ్లనడిగి తేదీలు వేయండి.

ముప్పై ఇళ్ల లెక్క తీశాక ఇక్కడే రాయండి. ముసాయిదా నేను చదివి పెడతాను.